గేటు దగ్గర ఇరవై రెండు నిమిషాలు

బచేలి గని కాలనీలో యేసుపాదం గారి క్వార్టర్‌కీ మా క్వార్టర్‌కీ మధ్య ఉన్నది ఒక్క గోడే. ఊరికి బయలుదేరేటప్పుడు గ్యాస్ కట్టేశానా లేదా అని ఆటో దాకా వచ్చి మూడుసార్లు వెనక్కి వెళ్లే మనిషి ఆయన. ఆయన పుణ్యమా అని విశాఖ రైలు తప్పబోయిన సందర్భాలు నాకే రెండు గుర్తున్నాయి. నేను కంపెనీ బడిలో వ్యాయామం మాస్టారిని. నాకు నోరు ఎక్కువ, ఆయనకి ఓపిక ఎక్కువ. మా స్నేహం ఇన్నేళ్లు నిలబడిందంటే అందుకే.

ఆయన బ్లాస్టింగ్ ఫోర్‌మన్. పైన ఇనుప రాయి కొండను పగలగొట్టేది ఆయన మనుషులే. రాతిలో బోర్లు వేసి పేలుడు మందు నింపుతారు. పేల్చడానికి పావుగంట ముందు సైరన్ మోగుతుంది. దారులన్నిటి మీదా గేట్లు పడతాయి, గేటుకొకరు ఎర్ర జెండా పట్టుకుని నిలబడతారు. పేలిన తర్వాత ఫోర్‌మన్ స్వయంగా వెళ్లి, పేలకుండా మిగిలిన బోరు ఏదీ లేదని చూసుకుంటాడు. అప్పుడే రెండో సైరన్. అంతవరకూ చీమ కూడా గేటు దాటకూడదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన చేతికింద ఒక్కరికి గులకరాయి కూడా తగల్లేదు. ఈ సంగతి ఆయన చెప్పగా నేను ఎన్నడూ వినలేదు. నేనైతే బోర్డు రాయించి వీధి గుమ్మానికి వేలాడదీసేవాణ్ణి.

అలాంటి నిదానస్తుడు యాభై ఏడో ఏట ట్రయాథ్లాన్‌లో దిగాడు. తప్పు నాదే.

మా కాలనీ క్లబ్బు వాళ్లు ఆ పోటీ మొదలుపెట్టిన ఏడు అది. డ్యామ్‌లో దాదాపు రెండు కిలోమీటర్ల ఈత, ఒడ్డెక్కగానే తొంభై కిలోమీటర్ల సైకిలు, సైకిలు దిగగానే ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. నడుమ విశ్రాంతి లేదు. ఎనిమిదిన్నర గంటల్లో ముగించినవాళ్లకే పతకం. కంపెనీ ఉద్యోగులకూ, జగదల్‌పూర్, రాయ్‌పూర్ క్లబ్బుల వాళ్లకూ మాత్రమే ప్రవేశం. ముగింపు గీత దగ్గర గడియారం చూసే పని నాది. టీ కొట్టు దగ్గర ఆ పోటీ ప్రకటన కాగితం ఆయన మరీ శ్రద్ధగా చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. “మీకెందుకండీ ఇది, ఈత కూడా రాదు” అన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని టీ తాగాడు. మర్నాడు క్లబ్బు ఈతకొలనులో, ఆరేళ్ల పిల్లల పక్కన, నీళ్లలో తేలే పలక పట్టుకుని కాళ్లు కొడుతూ కనిపించాడు. పిల్లలు ఆయన మీద నీళ్లు చల్లి నవ్వుతున్నారు. ఆయనా నవ్వుతున్నాడు.

మొదటి ఏడు ఈతలోనే సమయం దాటిపోయి పడవలో ఒడ్డుకు చేరాడు. రెండో ఏడు గీదం నుంచి తిరిగి వస్తూ ఎండదెబ్బకు సైకిలు మీంచి పడ్డాడు. మూడో ఏడు పరుగులో పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర కాళ్లు పట్టేసి కూలబడ్డాడు. ప్రతిసారీ వారం తిరక్కుండానే తెల్లవారుజామున గోడ అవతల సైకిలుకు గాలి కొడుతున్న చప్పుడు. నాకు ఒళ్లు మండేది. అంత పట్టుదల పక్కింట్లోనే ఉంటే మన బద్ధకానికి మొహం ఎక్కడ పెట్టుకోవాలి? షిఫ్టు దిగి కిరందుల్ దాకా సైకిలు తొక్కేవాడు. ఆదివారాలు కొండ రోడ్డు మీద పరిగెత్తేవాడు. వాళ్లావిడ సుధారాణి గారు మొదటి ఏడు పోట్లాడారు, రెండో ఏడు మాట్లాడటం మానేశారు, మూడో ఏటికి మోకాళ్లకు నూనె రాయడం నేర్చుకున్నారు.

“ఈసారైనా ఆ పతకం వచ్చేస్తే బాగుండును అన్నయ్యగారూ. నాకూ మా ఇంట్లో ఆరిన తువ్వాళ్లు చూడాలనుంది” అన్నారు ఈ మార్చిలో.

ఆవిడ హాస్యానికి అన్నా అందులో దిగులుంది. నెలాఖరుకు ఆయన పదవీ విరమణ. ఆ తర్వాత ఉద్యోగి కాడు కాబట్టి పోటీకి ప్రవేశం లేదు. ఇదే ఆఖరు అవకాశం.

పోటీ ఆదివారం. ఆదివారాలు కొండ మీద పేల్చరు గనుక, పరుగు దారిని కొండ రోడ్డు గేటు దాటించి అర కిలోమీటరు లోపలికి పెట్టారు. అక్కడున్న గుర్తు చుట్టూ తిరిగి వెనక్కి రావాలి. శనివారం మధ్యాహ్నం బోర్లలో మందు నింపాక ఆకాశం ఉరిమింది. మనుషులందరినీ దించేసి, పేల్చడం మర్నాటికి వాయిదా వేశారు. నింపిన బోర్లను అలా ఎన్నాళ్లో వదిలేయడానికి లేదు. ఆయన కింద పనిచేసేవాళ్లు, “మీ పరుగు అయ్యాక, మూడున్నరకి పేల్చుదాం సార్” అన్నారట.

“మూడయ్యేసరికి మళ్లీ మబ్బు పడతాది. మందు మీద పిడుగు పడితే ఏటి గతి? రెండు గంటలకే” అని ఆయనే కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆదివారం పేల్చే పని తన తర్వాతి మనిషికి అప్పగించి, ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాడు. ఎంత నిదానంగా పరిగెత్తినా ఒంటిగంటన్నరకల్లా గేటు దాటి బయటికి వచ్చేస్తాడు. ఒంటిగంటా ముప్పావుకి గానీ సైరన్ మోగదు. క్లబ్బు వాళ్లూ అదే లెక్క వేసుకుని సరేనన్నారు.

ఆదివారం ఉదయం ఆరున్నరకు నీళ్లలో దిగిన మనిషి, నాలుగేళ్ల కిందట పలక పట్టుకున్న మనిషేనా అనిపించింది. గంటా ఆరు నిమిషాలకు ఒడ్డెక్కాడు. ఈత గడువుకి ఇంకా నాలుగు నిమిషాలుంది. నేను కేక వేద్దామనుకుని, పెద్దరికం గుర్తొచ్చి, దగ్గాను. సైకిలు మీద మాత్రం రోడ్డు పగబట్టింది. దంతేవాడ దాటాక ఒక పంక్చర్, తిరుగు దారిలో ఇంకొకటి. సైకిలు పక్కకు తీసి, ట్యూబు మార్చి, పంపుతో గాలి కొట్టుకుని, రెండుసార్లకు కలిపి అరగంట పోయింది. పన్నెండుకు ముగియాల్సిన సైకిలు పన్నెండుకు ఆరు నిమిషాల ముందు ముగించాడు. చేతులనిండా నల్లటి జిడ్డు. “ఉన్నానా మాస్టారూ?” అని అడిగాడు. “ఉన్నారు, పోండి” అన్నాను. పోయాడు.

గేటు దగ్గర జరిగింది నేను చూడలేదు. తర్వాత అక్కడ జెండా పట్టుకున్న ముయా చెప్పాడు. ముయా గొల్లపల్లి వైపు దొర్లా తెగ మనిషి. ఇద్దరు పిల్లల తండ్రి. కాంట్రాక్టు పని మీద ఏడాది కిందట చేరితే, జెండా పట్టుకోవడం నేర్పింది యేసుపాదమే.

ఒంటిగంటా యాభై రెండు నిమిషాలకు ఆయన గేటు దగ్గరికి చేరాడు. అది పదిహేనో కిలోమీటరు. అందరికన్నా చివర ఆయనే. మొదటి సైరన్ మోగి ఏడు నిమిషాలైంది. గేటు పడి ఉంది. లోపల గుర్తు దగ్గర ఉండాల్సిన మనుషుల్ని అప్పటికే వెనక్కి పిలిచేశారు.

ముయా జెండా దించి గేటు పైకి ఎత్తాడు. “పోండి సారూ. ఇంకా ఎనిమిది నిమిషాలున్నయి. ఉరికితే తిరిగొస్తరు. ఎవ్వరూ చూడరు” అన్నాడు.

ముయా లెక్కలో తప్పు లేదు. అర కిలోమీటరు పోయి రావడానికి ఎనిమిది నిమిషాలు చాలు. ఆ రోజు పేల్చే చోటు రెండు మలుపుల అవతల ఉంది. అక్కడి నుంచి ఆ గుర్తు దగ్గరికి ఎన్నడూ రాయి వచ్చి పడలేదు. ఈ సంగతి ప్రపంచంలో అందరికన్నా బాగా తెలిసినవాడు యేసుపాదం.

ఆయన గేటు వంక చూశాడు. చేతి గడియారం వంక చూశాడు. గేటు తన చేత్తోనే కిందికి దించి, ఇవతల నిలబడ్డాడు.

“ఏంది సారూ, టైం పోతుంది గదా” అన్నాడు ముయా.

“జెండా ఎత్తు” అన్నాడాయన.

కాళ్లు బిగుసుకుపోకుండా ఉన్నచోటే అడుగులు వేస్తూ నిలబడ్డాడు. రెండింటికి కొండ పేలింది. ఉద్యోగంలో చేరిన తర్వాత ఆ చప్పుడు ఆయన గేటు బయట నుంచి వినడం అదే మొదలు. పేలుతున్న బోర్ల వరసలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడట. “అన్నీ పేలాయి” అని తనలో తాను అనుకున్నాడట. రెండూ పద్నాలుగుకి రెండో సైరన్ మోగింది. ఇరవై రెండు నిమిషాలు. ఇంకా ఆరు కిలోమీటర్లుంది, చేతిలో నలభై ఆరు నిమిషాలున్నాయి. కాళ్లు అప్పటికే కర్రల్లా అయిపోయాయి.

మూడు గంటలకు నేను గడియారం ఆపాలి. మూడు అయింది. రోడ్డు ఖాళీ. సుధారాణి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మూడు దాటి ఆరు నిమిషాలకు ఆయన కుంటుతూ వచ్చి గీత దాటాడు. ఎవరి మీద అరవాలో తెలియక నీళ్ల సీసాలు సర్దేవాడి మీద అరిచాను.

పోటీ పెద్ద రాయ్‌పూర్ నుంచి వచ్చినాయన, న్యాయమైన మనిషి. రూల్సు కాగితం తీసి హిందీలో అడిగాడు. “గేటు మూసి ఉంటే గార్డు మిమ్మల్ని ఆపాడు కదా? గార్డు ఆపితే ఆ సమయం తీసేయాలని రూలుంది. మీరు అక్కడ ఆగానన్న ఇరవై రెండు నిమిషాలు తీసేస్తే మీకు పతకం వస్తుంది.”

ఆయన పక్కనే మా సేఫ్టీ ఆఫీసరు ఉన్నాడు. ఆ ఆఫీసరు వెనక, డ్యూటీ దిగి వచ్చిన ముయా తల దించుకుని నిలబడి ఉన్నాడు.

అవును అంటే చాలు. ఒక్క మాట. నేను ఆ మాట కోసం పెన్ను తెరిచి పట్టుకున్నాను.

యేసుపాదం ముయా వైపు చూడలేదు. “లేదు సార్. నా కాళ్లే ఆగిపోయాయి” అన్నాడు.

పోటీ పెద్ద ఇంకోసారి అడిగాడు. అదే జవాబు. అలసిపోయి ఆగాడని అందరూ అనుకున్నారు. నేను ఎనిమిది గంటల ముప్ఫై ఆరు నిమిషాలు అని రాసి, పక్కన సమయం మించింది అని రాశాను. నా చేత్తో నేను రాసిన వాటిలో అంత చేదు మాట ఇంకొకటి లేదు.

మర్నాడు ఉదయం ముయా మా గుమ్మంలో నిలబడ్డాడు. జరిగింది మొత్తం చెప్పాడు. “నేను ఆపలే మాస్టారూ. పొమ్మన్న. ఆయనే ఆగిండు. పెద్దసారు అడిగినప్పుడు నాకు నోరు రాలె” అని గోడకు ఆనుకుని ఏడ్చాడు.

నేను చెప్పుల్లేకుండానే పక్కింటికి వెళ్లాను. ఆయన మోకాళ్ల మీద తడిగుడ్డ వేసుకుని కూర్చున్నాడు. నా నోరు నాదే కదా, వదిలేశాను. “పతకం పోనీ. ముయా ఆపాడంటే ముయాకీ మంచిదే, మీకూ మంచిదే. ఎవరికి నష్టం? సత్యహరిశ్చంద్రుడి చుట్టమా మీరు?”

నేను ఆగేదాకా ఆయన విన్నాడు.

“సత్యం సంగతి కాదు మాస్టారూ. ఆడు ఆపాడని నాను అంటే, ఆపకుండానే ఆడికి ఆపిన పేరొచ్చీసును. మళ్లీ ఇంకోడొచ్చి తొందరంటే, ఆడు మళ్లీ గేటు ఎత్తును. ఆడు పొమ్మన్నాడని అంటే పని పోద్ది. పని పోయాక నేర్చుకునేదేటి? నాకింకా పదిహేను రోజులున్నాయి కదా.”

నేను చెప్పుల్లేని కాళ్లతోనే ఇంటికి తిరిగొచ్చాను. ఆఖరు మాట ఎదుటివాళ్లకు వదిలేయడం నాకు అలవాటు లేదు.

ఆ పదిహేను రోజులూ, పేల్చే ప్రతి రోజూ, ఆయన పై పని తన తర్వాతి మనిషికి అప్పగించి కింద గేటు దగ్గరికి వచ్చి ముయా పక్కన నిలబడ్డాడు. వీడ్కోలు విందులకు పిలిచినవాళ్లు ఆయన కోసం ఎదురుచూసి తిట్టుకున్నారు. ముయా చెప్పిందాని ప్రకారం ఆయన పాఠమేమీ చెప్పలేదు. ఊరికే నిలబడ్డాడు. లారీ వాళ్లు హారన్ కొడితే ముయా వంక చూసేవాడు. మొదటి రోజు ముయా ఆయన వంక చూశాడు. నాలుగో రోజుకి చూడటం మానేశాడు. ముప్ఫై ఒకటిన దండ వేయించుకుని, ఏప్రిల్ మొదట్లో విశాఖ రైలెక్కారు. ఇంట్లో గ్యాస్ మూడుసార్లే చూసుకున్నాడు.

మే నెలలో ఒకరోజు నేను స్కూటర్ మీద ఆకాశ్‌నగర్‌కి వెళుతున్నాను. పైన కాలనీ పిల్లలకు వాలీబాల్ నేర్పాలి, అప్పటికే ఆలస్యమైంది. రెండు కావడానికి పది నిమిషాలుంది. గేటు పడి ఉంది. ముయా జెండా పట్టుకుని ఉన్నాడు.

“నేనయ్యా, మాస్టార్ని. రెండు నిమిషాల్లో మలుపు దాటేస్తాను, తియ్యి” అన్నాను.

“ఆగండి మాస్టారూ” అన్నాడు.

పదేళ్లుగా ఈ దారిలో తిరుగుతున్నానని చెప్పాను. పిల్లలు ఎండలో ఎదురుచూస్తున్నారని చెప్పాను. సిగ్గు విడిచి, మా ఇంటికి వచ్చి ఏడ్చిన రోజు కూడా గుర్తు చేశాను. ముయా నా వంక కోపంగా చూడలేదు, బతిమాలనూ లేదు. జెండా నా స్కూటర్ ముందు చక్రం దగ్గర పెట్టి నిలబడ్డాడు. నేను బండి దిగి మే నెల ఎండలో హెల్మెట్ నెత్తిన పెట్టుకుని నిలబడ్డాను. కొండ పేలింది, దుమ్ము లేచింది, దుమ్ము అణిగింది. రెండో సైరన్ మోగాక గేటు లేచింది. నేను బండి ఎక్కలేదు. ఫోన్ తీశాను.

“ముయా నన్ను ఆపేశాడండీ” అన్నాను.

“ఎంతసేపు?” అన్నాడు యేసుపాదం.

“ఇరవై మూడు నిమిషాలు.”

తర్వాత ఆయన మాట్లాడింది నాతో కాదు. ఫోన్ చెవికి దూరం జరిపి, లోపలున్న భార్యను పిలిచాడు.

“సుధా, ఇలా రా. ముయా మాస్టార్ని ఆపీసాడట.”