పెనం మీద చుక్క

ఆదిశేషమ్మ ఇంట్లో దోసెలు పోసి రెండేళ్లయింది. పిండి లేక కాదు, పెనం లేక. ఇరవై ఏళ్లు కాలి కాలి నల్లరాయిలా నున్నబడిన ఆ ఇనుప పెనం ఇప్పుడు పంచాయతీవాళ్లు ఇచ్చిన మూడు చక్రాల బండిలో, చిన్న గ్యాసు పొయ్యి పక్కన ఉంటుంది. మైపాడు పోయే రోడ్డులో ఉన్న మెకానిక్ షాపులన్నిటికీ ఆమెతోపాటు తిరుగుతుంది.

అంతకు ముందు ఆమె చేపల గంప ఎత్తిన మనిషి. మొగుడు చిన్నపోలయ్య ఉప్పుకాలవలో పట్టిన జెల్ల చేపలు నెల్లూరు తీసుకుపోయి అమ్మేది. పదేళ్లుగా ఆమె దగ్గరే కొంటున్న టీచరమ్మ ఒకరోజు వండిన కూరను గిన్నెతో సహా తెచ్చి గుమ్మంలో పెట్టింది.

“వాసన చూడు ఆదిశేషమ్మా. ఇది చేపల కూరా, మెకానిక్ షాపా?”

ఆదిశేషమ్మ వంగి వాసన చూసింది. గంప ఎత్తుకుని బస్సెక్కింది. పల్లెకు రాగానే ఇంటికి పోకుండా కాలవగట్టు పట్టుకుని నడిచింది. రోడ్డు మీద షాపు ఉన్న ప్రతిచోటా, దాని వెనక నుంచి నల్లటి చార ఒకటి జారి నీళ్లలోకి దిగుతోంది. బండ్లలో నుంచి, రొయ్యల గుంటల ఇంజన్లలో నుంచి తీసిన పాత ఆయిల్ అది. ఎవరూ దాచిపెట్టి చేస్తున్న పని కాదు. పారబోయడానికి వేరే చోటు లేదు, అంతే.

ఆ తర్వాత ఆమె పంచాయతీలో చెత్త బండి పనికి కుదిరింది. కుదిరిన వారానికే కార్యదర్శి రేవతి ముందు నిలబడి, పాత ఆయిల్ పోసుకోవడానికి ఒక డ్రమ్మూ, అది పెట్టుకోవడానికి ఒక రేకుల కొట్టమూ అడిగింది. రేవతి మంచి మనిషి. ఎక్కడెక్కడో కనుక్కుని, తడ అవతల పాత ఆయిల్‌ను శుద్ధి చేసి మళ్లీ వాడకానికి తెచ్చే ఫ్యాక్టరీ ఉందని పట్టుకుంది. నాలుగు నెలలు ఆదిశేషమ్మ షాపు షాపు తిరిగి క్యాన్లు మోసింది. డ్రమ్ము నిండింది. లారీ వచ్చింది.

లారీతో వచ్చిన హజరత్తయ్య గొట్టం దించి, డ్రమ్ము అడుగు నుంచి కాస్త తీసి సీసాలో పట్టి చూశాడు.

“అమ్మా, దీంట్లో రేడియేటర్ నీళ్లు కలిసినాయి. ఒక్క క్యాను కలిసినా డ్రమ్మంతా చెడినట్టే. మేము తీసుకోము.”

“మరి దీన్నేం చేసుకోమంటావయ్యా?”

“మళ్లీ ఒక్కసారి వస్తా. అప్పుడూ ఇట్టాగే ఉంటే మావాళ్లు ఈ దారే మానుకుంటారు. ఇంక నన్ను అడగబాకు.”

లారీ రాకపోతే కొట్టం ఉండదు. కొట్టం లేకపోతే ఆ నల్లచార మళ్లీ కాలవలోకే. ఆ సంగతి రోడ్డు మీద అందరికంటే ఆదిశేషమ్మకే బాగా తెలుసు.

కలిపింది ఎవరు? షాపులన్నిట్లోకీ పెద్దదైన, సమాధానం అనే పెద్దాయన షాపులో దీని మీద తీర్పు కూడా అయిపోయింది. సమాధానం అరవై దాటిన మెకానిక్, చర్చిలో సంఘపెద్ద. ఆ రోడ్డులో సగంమంది ఆయన దగ్గర పని నేర్చినవాళ్లే. “ఇంకెవరు, ఆ ట్రాక్టర్ షాపు కిషోరే. నిన్నగాక మొన్న వచ్చినోడు, వాడికి శుభ్రం ఏం తెలుసు,” అన్నాడాయన. వినేవాళ్లంతా తలలూపారు.

ఆదిశేషమ్మ మాత్రం ఇంటికి పోయి పొయ్యి ముందు కూర్చుంది. తడి ఆరని గరిటె నుంచి చుక్క రాలితే కాగిన నూనె చిటపటమంటుంది. ఈ మాట ఆమెకు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ తెలుసు. నల్లాయిల్ అయితే మాత్రం నూనె కాదా?

మర్నాటి నుంచి ప్రతి క్యానుకీ పెనం పరీక్షే. “దోసెలక్క వచ్చె. రెండు ఉల్లిపాయ దోసెలు,” అని షాపులవాళ్లు కేకలేశారు. ఆమె నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు. పెనం కాలాక దూరంగా నిలబడి క్యానులోని ఆయిల్ ఒక్క చుక్క వేసేది. కిషోర్ షాపులో చుక్క చప్పుడు చేయకుండా పరుచుకుని పొగైంది. సమాధానం షాపులో చిటపటలాడి ఎగిరింది.

“పెనం తడిగా ఉండాదేమో. ఇంకోటి వెయ్యి,” అన్నాడు సమాధానం.

వేసింది. ఎగిరింది. షాపులో రెంచీల చప్పుడు ఆగిపోయింది.

“అంటే నేను కలిపినానంటావా?” ఆయన గొంతు మారింది.

“నువ్వు కలపలేదన్నా. నీ పళ్లెం కలిపింది.” ఆమె రిపేరుకొచ్చిన లారీ కింద ఉన్న పెద్ద ఇనుప పళ్లెం వైపు చూపించింది. ఇంజన్ ఆయిల్, బ్రేకాయిల్, రేడియేటర్ నీళ్లు, ఏది విప్పినా దాంట్లోకే. అక్కడి నుంచి క్యానులోకి. “నీ దగ్గర నేర్చుకున్నోళ్లంతా ఇట్టాగే చేస్తుండారు. నువ్వు మారితే రోడ్డంతా మారుతాది. నేను మొత్తుకుంటే ఎవురింటారు?”

క్యాను తీసుకోకుండానే ఆమె బండి తొక్కుకుంటూ వెళ్లిపోయింది. రెండు రోజులు ఆ షాపు ముందు ఆగడానికి ఆమెకు మొహం చెల్లలేదు. మూడో రోజు ఆయనే రోడ్డు మీదికి వచ్చి బండికి అడ్డం నిలబడ్డాడు. షాపులో ఒకదాని పక్కన ఒకటి మూడు పళ్లేలు, మూడు రంగుల మూతలతో మూడు క్యాన్లు ఉన్నాయి.

“పెనం పెట్టక్కా,” అన్నాడు.

చుక్క కదలకుండా కాలింది. ఆయన ఎవరి వంకా చూడకుండా, “కిషోర్‌తో నేను మాట్లాడుకుంటాలే,” అన్నాడు. నెల తిరిగేసరికి రోడ్డు పొడవునా మూడేసి పళ్లేలు వెలిశాయి.

లారీ రెండోసారి వచ్చిన రోజు కొట్టం ముందు నిలబడడానికి చోటు లేదు. షాపులవాళ్లూ, రొయ్యల గుంటలవాళ్లూ, రేవతీ, వేట మానుకుని చిన్నపోలయ్యా. లోపల నాలుగు డ్రమ్ములు, మూలన పాత చెడిన డ్రమ్ము. హజరత్తయ్య గొట్టం దించి, సీసా నింపి, ఎండకు పెట్టి చూశాడు. ఒక్కో డ్రమ్ము దగ్గరా అదే పని. నాలుగోది అయ్యాక సీసా పక్కన పెట్టాడు.

“అదేందో పెనం అంటున్నారు, అదీ చూపించమ్మా.”

ఆదిశేషమ్మ పొయ్యి వెలిగించింది. నాలుగు డ్రమ్ముల నుంచి నాలుగు చుక్కలు. ఒక్కటీ చప్పుడు చేయలేదు. చప్పుడు చేసింది జనమే. సమాధానం శిష్యుల్లో ఎవడో ఈల వేస్తే, సంఘపెద్ద గారు వాణ్ని ఆపలేదు సరిగదా, తనూ చప్పట్లు కొట్టాడు.

“ఎక్కించండి. ఆ మూలనున్నది కూడా,” అన్నాడు హజరత్తయ్య. “నీళ్లు విడదీసే చోటు వేరే ఉండాది. దానికి నేను చెప్పుకుంటా.” తర్వాత ఆమె వైపు తిరిగాడు. “కొడవలూరులో పెట్టినాం ఒక డ్రమ్ము. మూడుసార్లు చెడింది. ఆడికి ఒకసారి రాగలవా అమ్మా?”

ఆదిశేషమ్మ మొగుడి వైపు చూసింది. “పో పో. దోసెలు ఎట్టాగూ లేవు గదా,” అన్నాడు చిన్నపోలయ్య. ఆయన ముందు రోజు పట్టి గిన్నెలో పంపిన జెల్లలు అప్పటికే ఆ టీచరమ్మ ఇంట్లో ఉడికి, ఈసారి వాసన మాట లేకుండా గిన్నె ఖాళీగా తిరిగి వచ్చింది.

ఆమె లారీ ముందు సీటులో ఎక్కి, పెనాన్ని కొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది. బండి కదలబోతుంటే సమాధానం కిటికీ దగ్గరికి వచ్చాడు.

“అక్కా, ఆడ కూడా ముందు పెద్ద షాపుకే పో.”