మా నాన్న నిలబెట్టిన ఊట

మా నాన్న రిటైరయ్యేదాకా ఒక్క చుక్క మందు ముట్టలేదు. అయినా మా వీధిలో సగంమంది ఆయన్ని తాగుబోతనే అనుకునేవారు. కారణం ఆయన ఉద్యోగం. గోదావరి కాలువల వెంట ముప్పై ఏళ్లు ఎక్సైజు శాఖలో పనిచేశారు. సారా బట్టీల మీద దాడికి వెళ్లడం, బెల్లం ఊట పులుస్తున్న కుండలు పగలగొట్టడం, ఆ ఊట చొక్కా నిండా చిందితే అలాగే ఇంటికి రావడం. మా అమ్మ వీధి గుమ్మంలోనే బకెట్టుతో నీళ్లు పెట్టుకుని కూర్చునేది. దారినపోయేవాళ్లకి రోజూ కనిపించేది అదే: సారా కంపు కొట్టే మనిషి, ఆయన నెత్తిన నీళ్లు కుమ్మరిస్తున్న పెళ్లాం.

రిటైరయ్యాక ఆయనా అమ్మా మూడు నెలలు ఉండి వెళ్దామని సింగపూర్‌లో మా ఇంటికి వచ్చారు. యీషున్‌లో పదకొండో అంతస్తులో మా ఫ్లాట్. నేను జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంట్‌లో కెమికల్ ఇంజనీర్ని. మా ఆయన బ్యాంకు పనిమీద నెలలో సగం రోజులు విమానాల్లోనే ఉంటారు. వచ్చిన పదిరోజులకే నాన్నకి తోచకుండా పోయింది. లిఫ్టులో కనబడ్డ ప్రతి మనిషికీ నమస్కారం పెట్టడం కూడా అయిపోయింది. అందుకని ఒక శనివారం ఉదయం ఆయన్నీ, పదేళ్ల మా అమ్మాయినీ వెంటబెట్టుకుని మా పాత బాస్ పడవ చూపించడానికి బయల్దేరాను.

మా పాత బాస్ ఇంగ్లీషాయన. రిటైరయ్యాక ఇల్లు ఖాళీచేసి, పడవలు కట్టుకునే రేవులో చిన్న పడవ కొనుక్కుని అందులోనే కాపురం పెట్టారు. ఒంటరివారు. ఇంగ్లాండు నడిమధ్య ఒక కాలువ ఊళ్లో పుట్టారట. ఒక గట్టున బీరు కాచే పాతకాలపు బ్రూవరీలు, ఎదురుగట్టున వరసగా కట్టేసిన పొడుగాటి పడవలు. తాత బ్రూవరీలో రాగి గంగాళాలు తోమేవాడు, తండ్రి పడవలో బార్లీ బస్తాలు తెచ్చేవాడు. బీరు కాచే రోజున ఊరంతా ఉడుకుతున్న గింజల వాసన కమ్ముకునేదట. ప్లాంట్‌లో మీటింగులు ఎంత గంభీరంగా మొదలుపెట్టినా ఆయన చివరికి ఆ కాలువ గట్టుకే చేరేవారు.

రేవులో పడవ ఇంకా ఇరవై అడుగుల దూరం ఉందనగా నాన్న ఆగిపోయారు. ముక్కు పైకెత్తారు.

"అమ్మాయ్, ఇక్కడ ఊట ఉంది."

"నాన్నా, ఇది సింగపూర్."

"ఊటకి ఊరేవిటే? ఆ నీలం పడవలో ఉంది."

నీలం పడవ మా బాస్‌దే. ఆయన బయటికి వచ్చి చెయ్యి కలిపేలోపే నాన్న తన ఆఫీసు ఇంగ్లీషు బయటికి తీశారు. "సర్, ఈజ్ దేర్ ఎనీ ఫెర్మెంటెడ్ మెటీరియల్ ఆన్ బోర్డ్?"

మా బాస్ మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లకి తన బీరుని వాసనతో పట్టినవాడు దొరికాడనుకున్నారు. లోపలికి తీసుకెళ్లి, వంటగట్టు కింద ఉన్న తెల్లటి ప్లాస్టిక్ పీపా చూపించారు. సొంతానికి కొంచెం కాచుకోవచ్చనీ, అమ్మకూడదనీ, కస్టమ్స్ ఆఫీసుకి ఫోన్ చేసి మరీ కనుక్కున్నాననీ చెప్పారు. నాన్న రూలు కాగితం అడిగి, కళ్లజోడు పెట్టుకుని, రెండుసార్లు చదివి వెనక్కిచ్చారు. తరవాత మోకాళ్లమీద కూర్చుని పీపాకి చెవి ఆనించారు. మూత కాస్త ఎత్తి వాసన చూశారు.

"చెడిపోయింది," అన్నారు.

"ఇంకా నాలుగు రోజుల్లో తయారవుతుంది," అన్నారు మా బాస్.

"నాలుగు రోజులాగితే మీ పొరుగు పడవలవాళ్లు కేసు పెడతారు."

మా బాస్ ఒక గ్లాసులోకి కాస్త తీసుకుని చప్పరించి, సింకులో ఉమ్మేశారు. తరవాత అసలు సంగతి చెప్పారు. వచ్చే నెలలో ఆయనకి డెబ్బై నిండుతాయి. ఉన్న ఒక్క అక్కా ఇంగ్లాండు నుంచి వస్తోంది. ఆవిడ ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది. పాత బ్రూవరీల్లో మిగిలిన ఒక్కదాన్నీ బతిమాలి, వాళ్లు తరాలుగా కాపాడుకుంటున్న ఈస్టు పోయినసారి ఒక చిన్న సీసాలో తెచ్చిచ్చింది. దాంతో మన ఊరి బీరు కాచి పెడతానని అక్కకి మాటిచ్చేశారు. ఇది రెండోసారి పాడవడం. సీసాలో ఇంకొక్క విడతకి సరిపడా మిగిలింది.

"అంటే మనకి పెరుగుకి తోడు లాంటిది," అన్నాను నాన్నతో.

"తోడు మంచిదే. ఈ ఉక్కలో పాలే విరుగుతాయి, ఇదెంత?" అన్నారు నాన్న. పాడైనది పారబొయ్యడానికి లేచారు. మళ్లీ ఆగి, "ధ్వంసం చేసేటప్పుడు ఇద్దరు సాక్షులుండాలి," అన్నారు.

మా అమ్మాయి స్కూలు నోట్‌బుక్‌లోంచి కాగితం చింపింది. "వెరీ స్మెల్లీ. తాతయ్య పోర్డ్. ఐ సా," అని రాసి సంతకం పెట్టింది. రెండో సాక్షిగా నేను పెట్టాను. నాన్న పీపా సింకులో వంచారు. ఆ వంచడంలో ఎంత నేర్పంటే, ఒక్క చుక్క కిందపడలేదు.

మేం దిగి వచ్చేస్తుంటే మా బాస్ రేవు చివరిదాకా వచ్చారు. "మీకింత తెలుసు కదా, ఈ చివరిసారి నాకు సాయం చేస్తారా?" అని నాన్నని అడిగారు.

నాన్న నమస్కారం పెట్టి వచ్చేశారు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు పొద్దున్న అమ్మ దగ్గర కూర్చుని బయటపడ్డారు.

"ముప్పై ఏళ్లు పగలగొట్టిన చేతులే. ఇప్పుడు వీటితో కాయమంటావా?"

అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు. "ఇక్కడ నేరం కాదన్నారుగా. పగలగొట్టినవి ఎన్నో లెక్కే లేదు. ఒక్కటి నిలబెట్టండి చూద్దాం."

అలా మా ఇంట్లో బీరు దిగింది. నిజంగానే దిగింది. ఈ రకం బీరుకి ఇరవై డిగ్రీలు దాటకూడదు. పడవలో ఏసీ మూలుగుతుందే తప్ప చల్లబరచదు. నాన్న మొదట పీపాకి తాడుకట్టి రేవు నీళ్లలో ముంచుదామన్నారు. కాలువల మీద దొంగసారావాళ్లు కుండల్ని గుర్రపుడెక్క కింద ముంచి, తాడు తీసుకెళ్లి పడవ కట్టిన గుంజకే కట్టేవారట. పడవ తాడే అనుకుని ఎక్సైజువాళ్లు వదిలేసేవారట. మా బాస్‌కి ఈ ఉపాయం తెగ నచ్చింది. నేను థర్మామీటరు దించి, సముద్రం నీళ్లు ముప్పై డిగ్రీలున్నాయని చూపించాక ఇద్దరూ నావైపు చదువుకున్నవాళ్లని చూసే చూపు చూశారు.

చివరికి దొరికిన చల్లటి చోటు మా ఫ్లాట్‌లో అమ్మానాన్నలున్న ఏసీ గది. మా బాస్ పడవలో గింజలు ఉడికించి, రసం వడగట్టి, హాప్స్ అనే చేదు పువ్వులు వేసి మరిగించారు. నాన్న పీపాని, గొట్టాల్ని, గరిటెల్ని వేణ్ణీళ్లతో మూడుసార్లు కడిగించారు. మా బాస్ ఒక గరిటె తుడిచి పెడితే, "నాట్ సాటిస్‌ఫాక్టరీ, సర్," అని తిప్పి పంపారు. చల్లారిన రసంలో ఆ ఈస్టు కలిపి, పీపా టాక్సీలో ఎక్కించాం. టాక్సీ అంకుల్ ఏంటది అని అడిగితే, నాన్న, "మెటీరియల్," అన్నారు.

ఆ గదిలో దేవుడి గూడుంది. పీపా వస్తుందనగానే అమ్మ దేవుళ్లని హాల్లోకి మార్చి, వాళ్లతోపాటు తనూ మారిపోయింది. నాన్న మాత్రం కదల్లేదు. మంకీ క్యాపూ, రెండు దుప్పట్లూ, కాళ్లకి మేజోళ్లూ. బయట జనం చెమటలు కక్కుతుంటే ఈయన లోపల పళ్లు కొట్టుకుంటూ, పీపా పక్కన కుర్చీ వేసుకుని బుడగలు వినేవారు. మూత మీద గొట్టంలోంచి గుళుక్, గుళుక్ అని వస్తుంటే తాళం వేసేవారు కూడా.

"తాతయ్యా, సో కోల్డ్. కెనాట్ తాహాన్, లా!" అని, తన సింగపూర్ ఇంగ్లీషులో తట్టుకోలేనని అరిచి, మా అమ్మాయి గుమ్మంలోంచే పారిపోయేది.

మూడో రోజు నేను ప్లాంట్‌లో ఉన్నాను. అక్కడ సెల్‌ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు. అత్యవసరమైతే చెయ్యమని ఇంట్లో కంట్రోల్ రూమ్ నంబరు ఇచ్చి ఉంచాను. ఫోన్ ఎత్తిన షిఫ్ట్ సూపర్‌వైజర్ పాలిపోయిన మొహంతో నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరో చెప్తున్నారు, బబుల్స్ ఆగిపోయాయట! ఏ ట్యాంక్?"

"మా నాన్న గది," అన్నాను.

కంట్రోల్ రూమ్‌కి వెళ్లి ఫోన్ అందుకుంటే నాన్న గొంతు వణుకుతోంది, చలికో భయానికో. చల్లగా ఉంటే మంచిదన్నానని ఆయన ఏసీని పదహారుకి దించేశారు. ఈస్టు ముడుచుకుని పడుకుంది. ఇరవైకి పెట్టి, పీపాకి ఒక దుప్పటి కప్పమన్నాను. ఉన్న రెండింట్లో మందమైనది దానికి కప్పారు. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి గుళుక్ మొదలైంది. నాన్న పలచటి దుప్పట్లో ముడుచుకుని నవ్వుతున్నారు.

ఎనిమిదో రోజున మా బాస్ వచ్చి సీసాల్లోకి నింపారు. మరో రెండు వారాలకి ఆయన అక్క దిగింది. సన్నగా, పొట్టిగా, తమ్ముడి కంటే పెద్ద గొంతుతో ఉన్న మనిషి. పుట్టినరోజు మధ్యాహ్నం పడవ మీద టార్పాలిన్ కింద అందరం కూర్చున్నాం. మా బాస్ మొదటి సీసా విప్పి, అక్క గ్లాసులో పోసి, పక్కన నిలబడ్డారు. నాన్న కూడా లేచి నిలబడ్డారు.

ఆవిడ ఒక గుక్క తాగింది. మరో గుక్క తాగింది. గ్లాసు ముక్కుకి ఆనించి వాసన చూసింది.

"మన నాన్న కోటు," అంది తమ్ముడితో. "బస్తాలు దింపి ఇంటికొచ్చినప్పటి నాన్న కోటు వాసన."

మా బాస్ కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. తుడుస్తూనే ఉన్నారు.

ఆవిడ బలవంతం మీద నాన్నకి తీర్థంలా ఒక చెంచాడు పోశారు. నాన్న అమ్మవైపు చూశారు. అమ్మ కానివ్వమన్నట్టు తలాడించింది. ఆయన కళ్లు మూసుకుని గుటకేశారు. మొహం ఎండిన ఉసిరికాయలా అయింది.

"ఓరి నాయనో! ఈ చేదు కోసమా నేను ముప్పై ఏళ్లు బురదలో పరిగెత్తింది?"

నేను ఇంగ్లీషులో చెప్పాక ఆవిడ నవ్విన నవ్వుకి పక్క పడవల్లోంచి జనం తొంగిచూశారు.

నాన్నావాళ్లు వెళ్లేముందు, బీరు నిలబెట్టే పద్ధతి అంతా నాన్న తన ఆఫీసు అక్షరాల్లో నాలుగు పేజీలు రాసి మా బాస్‌కి ఇచ్చారు. అందులో పీపాని మొదటినుంచి చివరిదాకా "స్వాధీనం చేసుకున్న పాత్ర" అనే రాశారు. మొన్న మా బాస్ ఫోన్ చేశారు. అక్క ఇంకో సీసా ఈస్టు పంపుతోందట, ఆ గది మళ్లీ ఇస్తామా అని అడిగారు. ఊళ్లో ఉన్న నాన్నకి చెప్తే, వెంటనే టికెట్ చూడమన్నారు. వెనకనుంచి అమ్మ, "పీపాని మాత్రం ఈసారి హాల్లో పెట్టమనవే, దేవుళ్లని కదపను," అంది.