సుభద్రమ్మ గారి ఎలక్ట్రాన్ గన్

ఈ పొద్దున మా ఊరు కవిటిలో పక్కింటివాళ్లు ఎండుకొబ్బరి ఆడించి తెచ్చారు. క్యాన్ మూత తీయగానే వేడి తగ్గని కొత్త నూనె వాసన మా వాకిట్లోకి వచ్చింది. ఆ వాసనకి నాకు సుభద్రమ్మ గారు గుర్తొస్తారు. వారమంతా తలకి చుక్క నూనె రాసుకోని మనిషి ఆమె.

పెళ్లయ్యాక మా ఆయన డ్రైవరు ఉద్యోగం వల్ల చాలా ఏళ్లు దూరాన ఒక పట్నంలో ఉన్నాం. అక్కడ ఎలక్ట్రాన్లను మహా వేగంతో పరుగెత్తించే యంత్రాలు కట్టే పరిశోధనశాల ఉండేది. ఆ పరుగు మొదలయ్యే చోటుని ఎలక్ట్రాన్ గన్ అంటారు. పేరుకి తుపాకీ గాని, చూడ్డానికి గుల్లగా ఉండే రాగి డబ్బా. లోపలి గాలంతా లాగేసి, రేడియో తరంగాల శక్తి పంపిస్తారు. వేలిముద్రంత జిడ్డున్నా లోపల మెరుపు కొట్టి రాగి పాడవుతుంది. ఆ భాగాలు కడిగి బిగించే గదిలో, చిన్న తరగతుల్లోనే బడి మానేసిన నన్ను సాయానికి పెట్టుకున్నారు. ఆ గదికి పెద్ద సుభద్రమ్మ గారు, మా వైపే టెక్కలి మనిషి. మొదటి రోజు నన్ను గుమ్మం దగ్గరే ఆపారు.

"ఏ ఊరమ్మీ?"

"కవిటండి."

"తెలుత్తంది. నువ్వు మెట్లెక్కకముందే నీ నూనె లోపలికొచ్చేసింది. ఈ గదిలో పని సేసినన్నాళ్లూ తలకి నూనొద్దు."

మా వైపు ఆడది ఎండు తలతో కనిపిస్తే ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు. సెలవుకి వస్తే మా అమ్మ పలాస స్టేషన్లోనే నిలదీసింది. "ఏటే ఆ తల? నీ మొగుడు బాగున్నాడా?" ఆ సంగతి చెబితే సుభద్రమ్మ గారు పడీపడీ నవ్వి, ఆ శనివారం సాయంత్రం తమ ఇంటికి రమ్మన్నారు. మెట్ల మీద కూర్చుని ఒకరి తలకొకరం నూనె పెట్టుకున్నాం. ఆదివారం కుంకుడుకాయలతో జిడ్డంతా వదిలేదాకా రుద్దుకున్నాం. అప్పటినుంచి అదే మా వాడుక. గన్ సంగతులన్నీ ఆమె నాకు ఆ మెట్ల మీదే చెప్పారు.

కొత్త గన్‌కి ఒక్కసారిగా శక్తంతా ఇవ్వకూడదు. కొత్త మట్టికుండలో గంజి పోసి సన్నసెగ మీద అలవాటు చేస్తాం కదా, ఇదీ అంతే. కొద్దిగా పంపాలి, లోపలి మెరుపులు సద్దుమణగాలి, అప్పుడు ఇంకొంచెం పెంచాలి. దాన్నే కండిషనింగ్ అంటారు. నేను చేరకముందు ఒక గన్‌ని తొందరపెట్టి పాడుచేశారు. ఇప్పుడు మేం బిగించిన కొత్తదీ పోతే ఇకమీదట బయట దేశంలో కొనుక్కుంటామని, ఆమె గది మూసేస్తామని పైనుంచి చెప్పేశారు.

కండిషనింగ్ జరిగేటప్పుడు గన్ దగ్గర ఎవరూ ఉండకూడదు. గోడకి ఇవతల తెర చూస్తూ కూర్చుంటారు. నేను టీ తెచ్చేసరికి తెర మీద, లోపలికి వెళ్లే శక్తి ఎంతో చూపే గీత పైకి పాకుతోంది. పెద్దాఫీసరు వచ్చి, పైవాళ్లొస్తున్నారు, ఈపూటే పూర్తి శక్తి చూపించమన్నాడు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. "వాళ్లు చూసి వెళ్లిపోతారు సార్. ఇది ఇక్కడుండి పనిచేయాలి" అన్నారు. అంతలో మెరుపు కొట్టింది. గీత ఒక్కసారిగా కింద పడింది. ఆఫీసరు చరచరా వెళ్లిపోయాడు. ఆమె శక్తిని బాగా తగ్గించి టీ గ్లాసు అందుకున్నారు.

నేను ఉండబట్టలేక అడిగాను. "మళ్లీ మొదటికొచ్చిందేటమ్మా?"

"మొదటికెందుకొత్తాదే. మెరుపు కొట్టిన సోట మురికి కాలిపోయింది. ఇంతవరకూ ఓర్సుకున్నది దానికి గుర్తుంటాది. దించాల, కాసేపు ఊరుకోవాల, మళ్లీ ఎత్తాల. తిట్టకూడదు, బతిమాలకూడదు."

పైవాళ్లు ఏమీ చూడకుండానే వెళ్లారు. ఇక గది మూతపడ్డట్టేనని అందరూ అనుకుంటుండగా గీత పైదాకా వెళ్లి అక్కడ నిలబడింది. సాయంత్రం దాకా కదల్లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం నా వైపు తిరిగి, "అన్నం తిన్నామేటే మనం?" అన్నారు. గది మూయలేదు.

సుభద్రమ్మ గారు పోయి చాలా కాలమైంది. మేం ఊరికి తిరిగొచ్చేశాం. కిందటేడు మా ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఒక మాట వస్తుంది, మర్నాటికి పోతుంది. మా అబ్బాయి దిగులుపడతాడు. నేను టీవీ ఆపేసి, పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తాను. ఆయన మొహం తేరుకున్నాక తేలిక మాటతో మళ్లీ పలికించడం మొదలుపెడతాను. నిన్న మధ్యాహ్నం "నీళ్లు" అన్నారు. ఇచ్చాను. ఆ పూటకి ఇంకో మాట అనమని నేను అడగలేదు.