కరెంటు కారులో ఒడిబియ్యం

ఆ కారు ఇంటికి వచ్చినప్పటి నుంచి నాకు ఒక చెడ్డ అలవాటు పట్టుకుంది. ఏ పని చేస్తున్నా బ్యాటరీ శాతం గుర్తొస్తుంది. బ్లౌజుకు చేతులు కత్తిరిస్తుంటే గుర్తొస్తుంది, పప్పుకు తాలింపు వేస్తుంటే గుర్తొస్తుంది. పొద్దున డెబ్బై రెండు ఉంది కదా, రెండుసార్లు బయటికి వెళ్లొచ్చాను, ఇప్పుడు ఎంత ఉంటుంది? మిషన్ ఆపి, వాకిట్లోకి వెళ్లి, కారు తలుపు తీసి, ఆ అంకె చూసి వస్తే గానీ మళ్లీ కుట్టు మీద మనసు నిలిచేది కాదు.

"జొరమొచ్చిన పిల్లను సూసినట్టు గన్నిసార్లు ఏం సూస్తవే?" అనేవాడు మా ఆయన.

ఆయనకు నిజామాబాద్‌లో మోటారు పంపుల దుకాణం ఉంది. మోకాళ్ల నొప్పులతో స్కూటర్ నడపలేక, ఖలీల్‌వాడిలో ఒక డాక్టర్ వాడి వదిలేసిన ఈ చిన్న కరెంటు కారు కొన్నాడు. కొన్న వారానికే మొహం ముడుచుకున్నాడు. పంపు పెడితే పైపు పట్టదు, పైపు పెడితే మనిషి పట్టడు. పైగా దుకాణానికి వచ్చే రైతులు, "సేటూ, గీ డబ్బకు స్టార్టర్ యాడుంది?" అని పరాచికాలు ఆడేవాళ్లు. ఆయన మళ్లీ స్కూటర్ ఎక్కాడు. కారు వాకిట్లో దుమ్ము పట్టి కూర్చుంది. అప్పుడు దాన్ని నేను తీశాను.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. పదేళ్ల కింద ఆయన అప్పుడున్న వ్యాన్‌తో కాలేజీ గ్రౌండ్‌లో నాకు డ్రైవింగ్ నేర్పబోయాడు. క్లచ్ వదిలితే వ్యాన్ ఎగిరి ఆగిపోయేది. నాలుగోసారి ఆగినప్పుడు, వాకింగ్‌కు వచ్చినవాళ్లంతా ఆగి చూస్తుండగా, "నీతోని కాదు, దిగు" అని అరిచాడు. దిగాను. అట్లాగే నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ తర్వాత ఏ స్టీరింగూ ముట్టలేదు. అప్పటి నుంచి లైనింగ్ గుడ్డ కావాలన్నా, కుట్టిన బట్టలు ఇచ్చి రావాలన్నా, ఎవరికి తీరికుందా అని ఎదురుచూడడమే నా పని అయింది. తయారై, సంచి పట్టుకుని, గడప దగ్గర నిలబడి ఎదురుచూసిన పూటలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈ కారుకు క్లచ్ లేదు, గేర్లు లేవు. తొక్కితే పోతుంది, వదిలితే నెమ్మదిస్తుంది. అదే గ్రౌండ్‌లో పొద్దున్నే ఒక్కదాన్నే పది రోజులు తిప్పాను. పదకొండో రోజు పెద్దబజార్‌కు తీసుకుపోయాను. ఊళ్లో తిరగడానికి అంత సుఖమైన బండి నేను చూడలేదు. రెండు స్కూటర్లు పెట్టే చోట పడుతుంది. ఆసుపత్రుల సందుల్లో ఆటోవాళ్లు నోళ్లు వెళ్లబెట్టేలా ఒక్క మలుపులో తిరుగుతుంది. ఒకటే తంటా, చప్పుడు లేదు. ముందు నడిచేవాళ్లకు మనం వెనకున్నట్టే తెలియదు. హారన్ కొడితే ఉలిక్కిపడి, తిట్టి, మరీ పక్కకు జరుగుతారు. రాత్రి కిటికీలోంచి వైరు లాగి ప్లగ్గులో పెడితే పొద్దున్నకు నిండుతుంది. మూడు నెలల్లో నాకు ఊరంతా దగ్గరైపోయింది.

అట్లాంటప్పుడు మా ఆయన కారు అమ్మేస్తానన్నాడు.

"టౌన్ల తిరుగుటానికైతే మంచిదే. కని మన బతుకు ఒక్క టౌన్లనే ఉన్నదా? చావుకో లగ్గానికో జల్దీ పోవాలంటే గిది నడిమిట్ల నిలవడుతది. డీజిల్ బండి తీసుకుందాం. ధర్పల్లి నుంచి ఒకాయన సోమవారం సూడనీకి వస్తుండు."

డీజిల్ బండి అంటే క్లచ్. క్లచ్ అంటే మళ్లీ ఆ గడప, ఆ సంచి. ఆ మాట ఆయనతో అనలేకపోయాను. ఏడుపు వస్తుందేమోనని కోపం తెచ్చుకున్నాను. ఆ ముందు ఆదివారమే రుద్రూర్ దగ్గర మా అన్న ఇంట్లో నాకు ఒడిబియ్యం పోస్తామని మా అమ్మ, మేం అవ్వ అంటాం, కబురు పెట్టి ఉంది. "ఇదే కారులో పోదాం, నేనే నడుపుత. పోయి ఇంటికొస్తె కారు ఉంటది. నడిమిట్ల ఆగితె మీ ఇష్టం" అన్నాను. ఆయన "మాట మీద ఉండాలె మల్ల" అన్నాడు.

ఆ వారం కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాను. ఆదివారం పొద్దున నిండా వందతో బయలుదేరాం. ఏసీ వేశాను, ఆయన ముందు బీదగా కనబడడం ఇష్టం లేక. అదో పిచ్చి పౌరుషం. వర్ని మీదుగా రుద్రూర్ చేరేసరికి నలభై ఎనిమిది. శ్రావణం, నాట్లు నడుస్తున్నాయి. ఎటు చూసినా దమ్ము చేసిన మళ్లు, అక్కడొకటి ఇక్కడొకటి చెరుకు తోట. అన్న ఫ్రిజ్ తీసేసి ఆ ప్లగ్గు నాకిచ్చాడు. చుట్టుపక్కల బోర్లన్నీ నడుస్తుండడంతో ఓల్టేజీ తక్కువ. అంకె నత్తనడక నడిచింది. అయినా సాయంత్రానికి ఎనభై దాటుతుందని వేళ్ల మీద లెక్కేసుకున్నాను.

మమ్మల్నిద్దర్నీ పీటల మీద కూర్చోబెట్టి బట్టలు పెట్టారు. ముత్తైదువలు ఒకరి తర్వాత ఒకరు పసుపు బియ్యం నా ఒడిలో పోస్తున్నారు. నా చూపు మాత్రం కిటికీ మీద ఉంది. మా చిన్నమ్మ నా గడ్డం పట్టి ఇటు తిప్పింది.

"గా కారు యాడికీ పోదు బిడ్డ. జర మెడ సక్కగ వెట్టు."

అందరూ నవ్వారు. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు.

భోజనాలవుతుండగా ఆకాశం నల్లబడింది, రెండు ఉరుములు ఉరిమాయి. నేను పట్టించుకోలేదు. అక్కడే పప్పులో కాలేశాను. ఉరుము వినబడితే మా అవ్వ ఏం చేస్తుందో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఎప్పుడో పిడుగు పడి పక్కింటి టీవీ కాలిపోయిన నాటి నుంచి, మెరుపు మెరిస్తే చాలు, ఇల్లంతా తిరిగి ప్లగ్గులన్నీ పీకేస్తుంది. నాలుగింటికి కారు తలుపు తీస్తే అంకె యాభై ఏడు దగ్గర నిలబడి ఉంది. వైరు చక్కగా చుట్టలు చుట్టి, పైన గోనెసంచి కప్పి ఉంది.

"నీ బండి కాలకుంట నేనే తీసిన బిడ్డ" అంది అవ్వ, మెచ్చుకుంటానని చూస్తూ.

మళ్లీ పెడదామంటే అప్పటికే ఊరంతా కరెంటు పోయింది. పోనీ ఉండిపోదామంటే, ఒడిబియ్యం పోయించుకున్నాక ఆ రాత్రి పుట్టింట్లో ఉండొద్దని అవ్వ పట్టు. దీపాలవేళకు బియ్యం మా ఇంటికి చేరాలి. దారిలో పెద్ద చార్జింగ్ మిషన్ ఉందేమో చూడొచ్చు కదా అని అన్న అన్నాడు గానీ, మా పాత కారుకు వాటి పిన్ను పట్టదు. మా ఆయన మీసాల్లో నవ్వుతున్నాడు.

అంతటితో అయిందా? వెనక సీట్లో బియ్యం బస్తా వేశారు. దాని మీద సొరకాయలు, చెరుకు గడల ముక్కలు. ఇంతలో చిన్నమ్మ సంచి పట్టుకుని వచ్చి, "నన్ను బోధన్ల దించుండ్రి" అని ఎక్కి కూర్చుంది. బోధన్ అంటే చుట్టు. కాదంటే, కారు కొన్నాక కళ్లు నెత్తికెక్కాయని ఊరంతా చెప్పుకుంటారు. నోరు మూసుకున్నాను.

ఇక ఒడిబియ్యం మూట. మా ఇంటి పద్ధతి ప్రకారం ఆ మూట మా దేవుని గూట్లో పెట్టేదాకా కింద పెట్టకూడదు. ఎప్పుడూ నేను వెనక కూర్చుని ఒడిలో పెట్టుకునేదాన్ని, ఆయన నడిపేవాడు. ఈసారి నా ఒడికీ స్టీరింగుకీ మధ్య బెత్తెడు జాగా కూడా లేదు. అవ్వ కాసేపు ఆలోచించి మూటను అల్లుడి ఒడిలో పెట్టింది.

"బాపూ, జర మీరే పట్టుకోండ్రి."

వాకిట్లో ఉన్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన మీసాల్లో నవ్వు మాయమైంది.

ఏసీ కట్టేశాను. తుంపర పడుతోందని అద్దాలు దించలేదు. ముగ్గురి ఊపిరికి అద్దాలు మసకబారితే కొంగుతో తుడుచుకుంటూ నడిపాను. బోధన్‌లో చిన్నమ్మను దించేసరికి ముప్పై ఒకటి. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ దాటి నిజామాబాద్ రోడ్డెక్కాం. ఎడపల్లిలో ఇరవై రెండు. అక్కడి నుంచి ఆయన కూడా అంకె చూడడం మొదలుపెట్టాడు. "పద్దెనిమిది" అన్నాడు. కాసేపటికి "పదహారు" అన్నాడు. మీరు చెప్పకండి, నాకు కనబడుతోంది అని కసిరాను. జానకంపేట దగ్గర పదకొండు. వెనక లారీ హారన్ మీద హారన్. పక్కకు తీసి దారిచ్చాను. సోమవారం వచ్చే ఆ ధర్పల్లి మనిషిని, మొహం ఎట్లుంటుందో తెలియకపోయినా, దారి పొడుగునా తిట్టుకున్నాను.

సారంగపూర్ దాటాక కారు తనంతట తనే నెమ్మదించింది. నేను ఎంత తొక్కినా సైకిల్ వేగం దాటలేదు. పంక్చర్ షాపు ముందుకు ఎట్లాగో తెచ్చాను. అక్కడ ఆగిపోయింది. ఇల్లు అక్కడికి ఎంతో దూరం లేదు. కానీ ఆగింది. మాటంటే మాటే. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేం?

షాపాయన గాలి మిషన్ ప్లగ్గు తీసి మా వైరు పెట్టాడు. "జర టైం పడుతది అక్కా, కూసోండ్రి" అని బల్ల తుడిచాడు. బల్ల మీద మేమిద్దరం, మా ఆయన ఒడిలో పసుపు బట్ట మూట. తెలిసినవాళ్లెవరో బైక్ ఆపి, "ఏందే అన్నా, ఒడిబియ్యం నీకు పోసిండ్రా?" అని అడిగి పోయారు. నాకు సిగ్గేసింది. ఇటివ్వండి అని చేతులు చాపాను.

"ఉండనియ్. బండి నువ్వే నడపాలె గద, చేతులు నొస్తయ్" అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ.

ఆరు శాతం ఎక్కాక లేచాం. దీపాలవేళకు మూట దేవుని గూట్లోకి చేరింది.

సోమవారం పొద్దున లేచి వాకిట్లోకి వెళితే కారుకు వైరు పెట్టి ఉంది. అంకె వంద. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టారని అడిగితే, "గిరాకి వస్తడు గద, నడిపి సూడడా?" అన్నాడు. సరే అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే ఒడిబియ్యం వండి చుట్టాలకు పెట్టుకోవాలి. కూరగాయలు తేవాలి. సంచి తీసుకుని బయటికి వచ్చేసరికి ధర్పల్లి ఆయన గేటు తీస్తున్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. కారు చుట్టూ తిరిగి చూసి, మా ఆయన్ని అడిగాడు.

"అన్నా, రోజు టౌన్ల తిరుగనీకి పనికొస్తదా?"

"నడిపేది ఆమె, ఆమెను అడుగు" అన్నాడు మా ఆయన.

మూడు నెలలుగా ఈ కారు ఎంత మంచిదో చెప్పి చెప్పి అందరి చెవులకు తూట్లు పొడిచిన మనిషిని నేను. ఆ పొద్దు నా నోట ఒక్క మంచి మాట రాలేదు.

"పనికిరాదు తమ్ముడూ. బ్యాటరీ పాతదైంది. ఏసీ వేస్తె అంకె కళ్లముందే పడిపోతది. వెనక ఒక బస్తా వేస్తె ఆయాసపడుతది. వానొచ్చి కరెంటు పోతె నీ గతి అంతే. బోధన్ పోయి రావాలంటే దేవుని మొక్కుకోవాలె. నిన్ననే సారంగపూర్ కాడ రోడ్డు మీద కూసున్నం."

అన్నీ నిజాలే. మా ఆయన ఇన్నాళ్లూ నాతో వాదించినవే, ఆయన కంటే బాగా చెప్పాను. ధర్పల్లి ఆయన కాసేపు తల గోక్కున్నాడు.

"గంత బేకార్ బండైతే మీరెట్ల నడుపుతుండ్రక్కా?"

ఏదైనా అబద్ధం చెబుదామనుకున్నాను. రాలేదు.

"నాకు గిదొక్కటే నడపస్తది తమ్ముడూ" అన్నాను. "గిది పోతె నేను యాడికీ పోలేను."

పదేళ్లలో ఆ మాట ఎవరితోనూ అనలేదు. అన్నాక మా ఆయన వైపు చూడాలంటే భయమేసింది. గ్రౌండ్‌లో అరిచిన పొద్దు ఆయనకూ గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు.

"తమ్ముడూ, వచ్చినవు గద, చాయ్ తాగి పో" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "చుట్టాలొచ్చే టైం అయితున్నది, కూరగాయలకు పోవా?" అని గేటు రెండు రెక్కలూ తీశాడు.

నేను సంచి పక్క సీట్లో పడేసి కారు బయటికి తీశాను. అంకె చూడడం మర్చిపోయాను.