తోట చుట్టూ పసుపు గీత

"సార్, మొన్న ఎ.కొండూరు పక్కన తీసిన మామిడితోట వీడియో మీ ఫోన్లో ఉంటే తీసెయ్యండి. ఎవరైనా అడిగితే మీకేం తెలీదనండి" అన్నాడు ఫోన్లో స్థలాల బేరగాడు సాయికుమార్.

ఆదివారం పొద్దున ఏడు కూడా కాలేదు. కిరీటి పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని రాగిజావ తాగిస్తున్నాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చెంచా గాల్లోనే ఆపి, "ఏమైందండీ?" అని అడిగాడు.

"ఏం కాలేదు. ఆ తోట అమ్ముతున్న అంకారావుగారికి వదినగారొకావిడ ఉంది, రావమ్మగారని. ఆవిడ పొద్దున్నే రంపం మిషన్ పిలిపించిందంట. చెట్లు కోయిస్తా ఉంది. వాళ్ళింటి గొడవ, మనకెందుకు?"

"చెట్లెందుకు కోయటం?"

"హద్దు కనపట్టానికంట. వీడియోలో మీరు గీసిన హద్దు గీతలో ఆవిడ మూడెకరాలు కూడా పడ్డాయి సార్."

పాప చెంచా కోసం చెయ్యి చాపి, అందక, అతని చొక్కా గుండీ పట్టుకుని లాగింది. కిరీటికి అదేమీ తెలియలేదు.

కిరీటి తిరువూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాడు. ఆదివారాలు డ్రోను పట్టుకుని తోటలు, ఇళ్ళస్థలాలు, రైస్ మిల్లులు పైనుంచి తీసి బేరగాళ్ళకిస్తాడు. పోయిన వర్షాకాలం పాపకు జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చాయి. విజయవాడలో ఆరు రోజులు ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని లేచాక, అతనికి సంపాదన లేకుండా ఖాళీగా పోయే ఆదివారమంటే భయం పట్టుకుంది. ఆ భయంతోనే డ్రోను కొన్నాడు. చేతిలో ఇమిడేటంత చిన్నది. రెక్కలకు పాప వేలు తగులుతుందని దాన్ని బీరువా మీద, ఆ పైన ఇంకో అట్టపెట్టెలో పెడతాడు. తలుపుకు గడియ పెట్టాడో లేదో రెండుసార్లు చూసుకునే మనిషి.

అంత జాగ్రత్త మనిషికీ పనిలో ఒక ధీమా ఉండేది. స్థలం వీడియో అంటే చివర్లో పసుపు గీత ఉండాలి. పైనుంచి తీసిన ఫోటో మీద వేలితో హద్దు గీస్తే, వీడియోలో ఆ గీత వెలుగుతూ తోట చుట్టూ పరుగెత్తి వచ్చి మొదలైన చోట కలుస్తుంది. కొనేవాళ్ళు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఆ గీత గుర్తుపెట్టుకుంటారు. మిగతా వీడియోగ్రాఫర్లు పాసు పుస్తకాలు, సర్వే పటాలు అడిగి ఓనర్లను విసిగిస్తారు. కిరీటి అడగడు. పైకెగిరితే హద్దు తానే కనపడుతుందని అతని లెక్క. గట్టు ఉంటుంది, ముళ్ళకంచె ఉంటుంది, టేకు వరసో తాడి వరసో ఉంటుంది. ఏమీ లేకపోతే చెట్లకూ చెట్లకూ మధ్య ఎడం మారుతుంది. ఇద్దరు రైతులు ఒకే ఎడంతో మొక్కలు పెట్టరు.

అంకారావు తోట తీసిన రోజు అంకారావు అక్కడ లేడు. మోకాళ్ళ నొప్పులకు సూది మందు వేయించుకోవటానికి విస్సన్నపేట వెళ్ళాడు. సాయికుమార్ రోడ్డు మీద నిలబడి, "ఇదే సార్ తోట, ఏడెకరాలు ఉండొచ్చు" అన్నాడు. కిరీటి డ్రోను ఎగరేశాడు. రోడ్డు నుంచి వాగు దాకా బంగినపల్లి చెట్లు, తాడు పట్టి నాటినట్టు, ఎక్కడా ఎడం మారలేదు. నీళ్ళ పైపు కూడా ఒకటే. వాగు దాకా గీత గీసేశాడు.

ఆ తోట ఇద్దరు అన్నదమ్ములు ఒకే వారంలో, ఒకే నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలతో నాటుకున్నది. పంపకాలైనప్పుడు మధ్యలో కంచె వేయటం అన్నకు ఇష్టం లేకపోయింది. మూడు హద్దురాళ్ళు పాతి ఊరుకున్నారు. ఆ అన్న, రావమ్మ భర్త, పోయి తొమ్మిదేళ్ళు. అప్పటినుంచి రావమ్మ మూడెకరాలు కూడా మరిదే సాగు చేసి, కాపు రాగానే ఆమె వాటా ఆమెకు చేరుస్తున్నాడు. ఇప్పుడు ఓపిక లేక తన నాలుగెకరాలు అమ్మకానికి పెట్టాడు. ఇదంతా సాయికుమార్ నోటినుంచి ముక్కలు ముక్కలుగా రాబట్టేసరికి జావ చల్లారిపోయింది.

వంటింట్లోంచి భార్య సౌజన్య వచ్చి పాపను అందుకుంది. "మొహమేంటి అట్టా ఉంది?"

చెప్పాడు. ఆమె వీడియో పెట్టించుకుని చూసింది. పసుపు గీత వాగు ఒడ్డున వంపు తిరిగి వచ్చి ముగిసింది.

"గీసింది మీరా, లేక సాయికుమారా?"

"నేనే."

"మీ పేరు ఇందులో ఎక్కడా లేదు కదా."

"లేదు."

"వెళ్తే కొడతారేమో."

"కొట్టొచ్చు."

సౌజన్య పాప మూతి తుడిచింది. "ఆవిడ తన పొలం ఎవరు అమ్మేస్తున్నారనుకుంటోంది?"

"అంకారావుగారు. ఐదు రోజుల్నుంచి ఆయన ఎంత చెప్పినా వినట్లేదంట."

"అయితే ఇంకా ఇక్కడ కూర్చున్నారేంటి?" అంది.

అరగంట దారి. ఎ.కొండూరు దాటి మట్టిరోడ్డు ఎక్కేటప్పటికి ఎండ ముదిరింది. బండి మీద పోతూ కిరీటి మాటలు కూర్చుకున్నాడు. పొరపాటు జరిగిందండి. కాదు, పొరపాటు నాదండి. తోట ఇంకా కనపడకముందే రంపం చప్పుడు వినపడింది. నాలుగు క్షణాలు గీపెట్టి, గొంతు పట్టేసినట్టు ఆగి, మళ్ళీ మొదలైంది. ఆగినప్పుడు భయమేసింది. ఒక చెట్టు పడితేనే రంపం ఆగుతుందని తోచింది.

మూడు చెట్లు పడి ఉన్నాయి. ఇంకా వారం ఆగితే కోతకొచ్చే కాయలు దుమ్ములో చెల్లాచెదురుగా దొర్లాయి. సొన వాసన గాలిలో ఘాటుగా ఉంది. పదిమంది దాకా జనం నీడన నిలబడి చూస్తున్నారు. గంపలగూడెం నుంచి రంపం మిషన్ తెచ్చిన శౌరయ్య నాలుగో చెట్టు మొదట్లో రంపం ఆనించి ఉన్నాడు. అప్పటికే బెత్తెడు లోతు దిగింది. అతని వెనక, చీర కొంగు నడుముకు దోపి, అరవై ఏళ్ళావిడ నిలబడి ఉంది. అటువైపు రెండు వరసల అవతల ఒక ముసలాయన కాళ్ళు చాపుకుని, తువ్వాలు నెత్తిన వేసుకుని నేల చూస్తున్నాడు. అంకారావే అయుండాలి.

"ఆపండి," కిరీటి బండి స్టాండు వేయకుండానే అరిచాడు. బండి పక్కకు ఒరిగింది.

శౌరయ్య రంపం ఆపి రావమ్మ వైపు చూశాడు.

"ఎవరబ్బాయి నువ్వు?" అంది రావమ్మ.

"ఆ వీడియో తీసింది నేనండి. తిరువూరులో కాలేజీలో చెబుతాను."

జనంలో కదలిక వచ్చింది. "ఓహో, గద్దని ఎగరేసే మాస్టారా," అన్నాడొకడు. "రండి రండి, చెట్లు పడుతున్నాయి, ఇవి కూడా తీసుకుపోండి."

"హద్దు గీత గీసింది నేను," అన్నాడు కిరీటి. "అంకారావుగారికి తెలియదు. ఆయన ఆ రోజు ఇక్కడ లేడు కూడా. తప్పు నాదండి."

రావమ్మ అతన్ని కిందినుంచి పైకి చూసింది. "నీకేమిచ్చాడు అట్టా చెప్పమని?"

"ఎవరూ ఏమీ ఇవ్వలేదండి."

"ఏం సదివావు?"

"ఎమ్మెస్సీ. బోటనీ."

"అంటే?"

"చెట్ల గురించే," అన్నాడు గొంతు తగ్గించి.

జనం నవ్వారు. రావమ్మ నవ్వలేదు. "చెట్ల సదువు సదివినోడికి ఎవరి చెట్టేదో తెలీలేదా? మా మరిది పక్కనుండి చూపించకుండా వాగు దాకా కరెక్టుగా గీశావా? నేనెర్రిదాన్ననా?" అని శౌరయ్య వైపు తిరిగింది. "నువ్వు కానియ్యవయ్యా. హద్దు వరసలో పదహారు చెట్లూ తీసెయ్. రేపు ఎవడు ఎగరేసి చూసినా నాదేదో వాడిదేదో కనపడాల."

"అన్న చేత్తో నాటిన చెట్లు వదినా," అన్నాడు అంకారావు తల ఎత్తకుండానే.

"నా మొగుడు నాటినియ్యి. నాకు తెలుసు."

శౌరయ్య మిషన్ తాడు గుంజాడు. రంపం గీపెట్టింది. కిరీటికి మాటలతో అయ్యేపని కాదని అర్థమైంది. ఆమెకు మనిషి మాట మీద నమ్మకం పోయింది, ఎదుటివాళ్ళ ప్రతి మాటా మరిది నేర్పిందిగానే వినపడుతోంది. సంచిలోంచి ఫోను తీసి, గీత లేని ఫోటో తెరిచి, రావమ్మ మొహం ముందు పెట్టాడు.

"అమ్మా, ఇదిగో, ఇందులో గీత లేదు. ఉత్త ఫోటో. ఇప్పుడు చూడండి." వేలు ఆనించి రోడ్డు నుంచి వాగు దాకా గీశాడు. పసుపు గీత వేలి వెనకాలే నడిచింది.

రావమ్మ కళ్ళు చిట్లించింది. ఒక చెయ్యి ఎత్తింది. రంపం ఆగింది.

"ఇదేనా?"

"ఇదేనండి."

"వాగు అవతలదాకా పోద్దా?"

"పోతుంది."

"పోనీ."

గీశాడు. వాగు దాటి అవతలి పత్తిచేనంతా గీతలోకి వచ్చింది.

"ఆ చేను ఎవరిదో తెలుసా?"

"తెలియదండి."

"నాగేశ్వరమ్మది. కాలవ గట్టు మీద ఆ గుడి కూడా కలుపు."

అతను గుడిని కూడా కలిపాడు. వెనకనుంచి తొంగిచూస్తున్న జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. "మా ఇల్లు కూడా వేసెయ్యండి సార్, ఎవడన్నా కొంటాడేమో," అన్నాడు ఇందాకటివాడు. రావమ్మ అతని వైపు చూసేసరికి నోరు మూశాడు.

ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. తన వేలితోనే ఒక గీత గీసింది. అది వంకరగా పోయి, తోట మధ్యలో ఎక్కడో ఆగింది. చాలాసేపు దాన్నే చూసింది.

"ఇంత తేలిగ్గా ఉందా," అంది.

కిరీటి తలూపాడు.

"అడగాలనిపించలేదా నీకు? ఆ రోడ్డు మీద ఎవర్నడిగినా చెప్పేవాళ్ళు. చంటిపిల్లని అడిగినా చెప్పుద్ది."

"కంచె కనపళ్ళేదండి."

"లేదు కాబట్టి కనపళ్ళా." ఆమె గొంతు మొదటిసారి తగ్గింది. "వద్దన్నాడు ఆయన. మధ్యలో ముళ్ళు ఎందుకన్నాడు."

కిరీటి పడిపోయిన చెట్ల వైపు తిరిగాడు. చెట్లకూ చెట్లకూ మధ్య ఎడం మారకపోవటం తను చూశాడు. ఇద్దరు రైతులు అలా నాటరని తనకు తెలుసు. ఇద్దరు అన్నదమ్ములు నాటొచ్చని మాత్రం తట్టలేదు.

"మరి ఇప్పుడిది ఎంతమంది ఫోన్లలో ఉంది?"

"తెలియదండి. వాట్సాప్ గ్రూపుల్లోకి పోయింది."

"అయితే దాని వెనకే ఇంకోటి పంపించు. నీ మొహం పెట్టి, నీ పేరు చెప్పి, ఏ కాలేజో చెప్పి. ఏది ఎవరిదో చెప్పు. దాంట్లో మా మరిదికి సంబంధం లేదని చెప్పు."

కిరీటికి కాలేజీ పేరే చిక్కు. ఆదివారాలు బయటి పనులు చేస్తున్నట్టు ప్రిన్సిపాల్‌కు తెలియదు. తెలిస్తే ఊరుకునే మనిషి కాదు. రావమ్మ చేతిలో ఫోను మోగితే అందుకుని చూశాడు. సాయికుమార్. కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు. విజయవాడ వరండాలో ఆ బెంచీ, చెల్లించాల్సిన బిల్లు పట్టుకుని నిలబడ్డ తన చెయ్యి, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. రంపం ఇంకా చెట్టులోనే ఉంది.

"కాలేజీ పేరు కూడా కావాలా అండి?"

"కావాల. లేకపోతే ఎవడో డబ్బులకి చెప్పాడంటారు."

శౌరయ్య చేతికి ఫోను ఇచ్చి, పడిపోయిన చెట్టు మొదలు పక్కన నిలబడి, కిరీటి చెప్పాడు. ఇంటిపేరుతో సహా పేరు, కాలేజీ, ఊరు. హద్దురాళ్ళు ఎక్కడున్నాయో రావమ్మ వేలు చూపిస్తుంటే అటు తిరిగి చెప్పాడు. మొదటిసారి హద్దురాళ్ళ దగ్గర తడబడ్డాడు. రెండోసారి పూర్తయింది. అక్కడున్న వాళ్ళందరి ఫోన్లకూ అక్కడికక్కడే పంపాడు. సాయికుమార్‌కూ పంపాడు.

"మిషన్ తీసెయ్యవయ్యా," అంది రావమ్మ.

శౌరయ్య రంపం జాగ్రత్తగా వెనక్కి లాగాడు. కోసిన చోట తడి మెరిసింది. కిరీటి మోకాళ్ళ మీద కూర్చుని, కోతలో వేలు పెట్టి లోతు చూశాడు. చుట్టూ తిరిగి అవతలివైపు బెరడు తడిమాడు.

"బతుకుద్దా?" అడిగింది రావమ్మ వెనకనుంచి.

"మూడో వంతు తెగింది. మిగతా బెరడు బాగానే ఉంది, నీళ్ళు ఎక్కుతాయి. కోతలో పేడమట్టి కూరి గోనెపట్టా చుట్టాలి. కాయలన్నీ దించెయ్యాలి, బరువు తగ్గుతుంది. గాలివాన రాకపోతే నిలబడుతుంది."

"ఈ నెల్లో రాకుండా ఎప్పుడుందబ్బాయ్," అంది ఆమె.

జనం ఒక్కొక్కరే కదిలారు. శౌరయ్య సామాను సర్దుకున్నాడు. అంకారావు ఎప్పుడు లేచాడో కిరీటి గమనించలేదు. బోరు షెడ్డు వైపునుంచి, కుంటుతూ, పొడవాటి సరుగుడు వాసం ఒకటి ఈడ్చుకుంటూ వస్తున్నాడు. చెట్టు దగ్గరకు తెచ్చి, దాని పంగను కొమ్మ కింద ఆనించి, మొదలు నేలలో దించాలని చూశాడు. మోకాలు వంగలేదు. వాసం పక్కకు జారింది. కిరీటి లేవబోయాడు.

రావమ్మ అంతకుముందే వెళ్ళి వాసం మొదలు రెండు చేతులతో పట్టుకుంది. మరిది మొహం చూడలేదు.

"అటెందుకు ఆనిస్తన్నావు," అంది. "చెట్టు వాలింది ఇటు కదా."