ఐసు లారీలో వెళ్ళిన ఓట్లు

దుబాయ్ దగ్గర జెబెల్ అలీలో ఓడరేవు కడుతున్న రోజుల్లో రేవు గోడ కాంక్రీటు పని నా బాధ్యత. కుటుంబాలున్న ఉద్యోగులకు కంపెనీ అక్కడే ఎడారి అంచున చెక్క ఇళ్ళ కాలనీ ఒకటి వేసి ఇచ్చింది. పిల్లల బడి మాత్రం దూరాన బర్ దుబాయ్‌లో ఉండేది. భారతీయ కుటుంబాలు కలిసి నడుపుకునే ఆ బడికి రెండేళ్ళకొకసారి కమిటీ ఎన్నిక జరిగేది. అందులో ఏకైక మహిళా సభ్యురాలు నా భార్య. మొదటిసారి పోటీ లేకుండానే ఎన్నికైంది.

ఆ రెండేళ్ళలో ఆమె పట్టుబట్టి సాధించినది ఒక్కటే: మా కాలనీ దాకా బడి బస్సు. అంతకుముందు దారి లేక రెండు కుటుంబాల వాళ్ళు తల్లీపిల్లల్ని ఇండియాకు పంపేశారు. రెండోసారి ఆమెపై పోటీకి దిగిన బట్టల వ్యాపారి ఆ బస్సును ఊళ్ళోకి మళ్ళిస్తానన్నాడు. ఆయన వాదనలోనూ న్యాయం లేకపోలేదు. ఊళ్ళో బస్సుల్లో పిల్లలు నిలబడే ప్రయాణం చేస్తున్నారు. అయితే ఆయన గెలిస్తే మా కాలనీ పిల్లలకు బడి లేనట్టే.

కుటుంబానికి ఒకే ఓటు. తండ్రి వెళ్ళి వేయడం వాడుక. ఎన్నిక సెప్టెంబరులో ఒక శుక్రవారానికి కుదిరింది. గోడలో అతి పెద్ద భాగానికి కాంక్రీటు పోయవలసిన రోజు కూడా అదే అయింది. తేలే క్రేను ఆ తర్వాత మరో పనికి వెళ్ళిపోతుంది కనుక వాయిదాకు వీలు లేదు. కాలనీ మగవాళ్ళందరూ ఆ పోతలో ఉండవలసినవారే. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా ఫోర్‌మన్ నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"ఒక్క రోజు జరిపితే ఏం పోద్దండి సార్? మేడమ్‌గారు ఓడిపోతే మా అమ్మాయి చదువు ఖలాసండి."

ఆ మాట ఇంట్లో చెప్పాను. ఆమె కూర తరగడం ఆపలేదు.

"పెళ్ళాం కోసం రేవు గోడ ఆపాడంటారు. ఆ గెలుపు నాకొద్దు. మీ పోత మీరు పోసుకోండి."

మర్నాడు కమిటీ అధ్యక్షుడి ముందు ఆమె అడిగింది ఒక్కటే. పిల్లకు జ్వరం వస్తే బడివారు కబురు పంపేది తల్లికి, మార్కులు తగ్గితే పిలిపించేది తల్లిని. తండ్రి పనిలో ఉంటే తల్లి ఓటు వేయడానికి అభ్యంతరమేమిటి? నియమావళిలో అడ్డేమీ లేదని అధ్యక్షుడు ఒప్పుకున్నాడు. అక్కడే ఉన్న వ్యాపారి నవ్వాడు.

"ఆనే దో భాభీజీ, ఉత్నీ దూర్ సే ఆయేగా కౌన్?"

అంత దూరం నుంచి వచ్చేదెవరన్న ఆయన ధీమాకు ఆధారం ఉంది. శుక్రవారం అక్కడ సెలవు కనుక బడి బస్సు నడవదు, కంపెనీ బండ్లన్నీ పోతకే కేటాయించాం. తన ఓట్ల కోసం ఏ బండినీ అడగనని నా భార్య ముందే చెప్పింది. ఆ ఉదయం బడి ప్రధానోపాధ్యాయిని పంపిన కారులో తానొక్కతే వెళ్ళింది.

పోత తెల్లవారకముందే మొదలైంది. ఆ ఎండల్లో కాంక్రీటు వేడెక్కకుండా నీళ్ళకు బదులు ఐసు వేసి కలుపుతాం. ఐసు దిమ్మలు దుబాయ్ ఫ్యాక్టరీ నుంచి లారీలో వస్తాయి. మొదటి దఫా దించిన లారీ రెండో దఫా కోసం కదులుతూ కాలనీ ముందు ఆగింది. పఠాన్ డ్రైవరు నా దగ్గరకు నడిచి వచ్చాడు. కాలనీ ఆడవాళ్ళు బడి దాకా ఎక్కించుకోమంటున్నారట.

లెక్క వేశాను. బడి ఫ్యాక్టరీకి వెళ్ళే దారిలోనే ఉంది. ఐసు ఎక్కించడానికి ముప్పావు గంట పడుతుంది. ఆలోగా ఓటు వేయవచ్చు. ఐసు ఆలస్యమైతే కింది పొర గట్టిపడి పై పొర దానికి అతకదు. తిరుగు ప్రయాణంలో ఎవరి కోసమూ నిమిషం కూడా ఆగవద్దని చెప్పి సరేనన్నాను. తడి గోనెపట్టాల మీద చీర కొంగులు బిగించుకుని కూర్చున్న ఆ ఆడవాళ్ళను అంత దూరం నుంచి చూసినప్పుడు కలిగిన గర్వం, ఆ గోడ పూర్తయిన రోజునా కలగలేదు.

లారీ వేళకే తిరిగి వచ్చింది. ఐసు దిమ్మల మీద పట్టాలు పరిచి, వాటి మీద కూర్చుని వచ్చిన ఆడవాళ్ళు సెప్టెంబరు ఎండలో వణుకుతూ దిగారు. ఫోర్‌మన్ భార్య నన్ను చూసి పళ్ళు టకటకలాడుతుండగా అంది.

"ఏసేశామండి అన్నయ్యగారూ. మీ ఐసు మాత్రం మాకొద్దండి బాబూ."

సాయంత్రం పోత పూర్తిచేసి ఇంటికి వచ్చేసరికి నా భార్య అప్పటికే వచ్చి ఉంది. ఆమె మొదటి ప్రశ్న ఐసు టైముకు అందిందా అని. అందిందన్నాను. అప్పుడు చెప్పింది, కొద్ది ఓట్ల తేడాతో గెలిచానని. మన ఇంటి ఓటు ఎవరికి వేశావని అడిగాను.

"కిందటిసారి పోటీ లేదు కాబట్టి మీకు ఆ శ్రమ తప్పింది. ఈసారి నాకు పడింది. రహస్య ఓటు కదా, చెప్పను."

తడిసిన చీరలతో వరుసలో నిలబడిన ఆడవాళ్ళకు వ్యాపారి తన ఖర్చుతో టీ తెప్పించాడని కూడా ఆమే చెప్పింది. బస్సు అలాగే నడిచింది. రెండేళ్ళ తర్వాత ఆయన మళ్ళీ పోటీ చేశాడు. ఈసారి ఓట్లు అడగడానికి మా కాలనీ దాకా వచ్చాడు. మగవాళ్ళమంతా పనిలో ఉండే వేళ చూసుకుని వచ్చాడు.