మూత కింద ఆరిన పొర

ఇమ్మానుయేలు సారు ఇక లేరని పాల్వంచ నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ప్రయోగశాలలో గాజుపలకలు కడుగుతున్నాను. విన్నమాట తలకెక్కలేదు. చాలాసేపు చేతులు నీళ్ల కిందే ఉండిపోయాయి.

థర్మల్ స్టేషన్ షిఫ్టు కార్మికుడి కుమారుడాయన. బొగ్గు పొగలో పెరిగి, వెలుగును కరెంటుగా మార్చే పాలిమర్ల సృష్టికి జీవితాన్ని ధారపోశారు. ఒంటి బంధం, జంట బంధం మార్చి మార్చి వచ్చే పొడవాటి అణుగొలుసులవి. వాటి పక్కకొమ్మలు ఎంత పొడవుండాలో తేల్చడమే ఆయన తపస్సు. ఖమ్మంలో మా కాలేజీ ఇరుకు గదిలో ఆయనా, శిష్యురాలిగా నేనూ ఆ పాలిమర్ల ద్రావణాన్ని గాజుమీద పలుచగా ఆరబెట్టి సౌరఘటాలు, వెలుగును పసిగట్టే సెన్సర్లు చేసేవాళ్లం. లోహపు పూత మాత్రం హైదరాబాదులో వేయించుకొచ్చేవాళ్లం.

ఆయనకు ముక్కుమీద కోపం. అయినా, "నాకెందుకు భయపడ్తవమ్మా? గాలికి భయపడు. పాలిమర్ను ఖరాబ్ చేసేది గదే" అనేవారు. నేను ఆయనకే భయపడ్డాను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతికొస్తున్న రోజులు. ఒక శనివారం ఊరికెళ్లే సారపాక బస్సు తప్పిపోతుందన్న తొందరలో, వెంటనే ఆరబెట్టాల్సిన పొరమీద గాజుమూత బోర్లించి వెళ్లిపోయాను. సోమవారానికి అది నెమ్మదిగా ఆరి ముదురు ఊదారంగుకు తిరిగింది. నోట్‌బుక్‌లో మూత మాట ఎత్తకుండా ఎప్పటి పద్ధతే రాసేశాను. లోహపు పూత వేయించాక ఆ పొర ఇచ్చిన కరెంటు చూసి సారు కుర్చీలోంచి లేచారు.

"ఇగో, కొమ్మ పొడుగు కుదిరింది! నేను చెప్పలే?"

ఆ సంతోషం చూసి మూత సంగతి దాచేశాను.

అదే పాలిమర్‌తో ఎన్నిసార్లు చేసినా అలాంటి పొర మళ్లీ రాలేదు. లోపం తన అణువుదేనని నమ్మి, నాలుగేళ్లు కొమ్మలు మారుస్తూ కూర్చున్నారు. త్వరగా ఆరితే గొలుసులు సర్దుకునే వ్యవధి ఉండదని, మూతే వాటిని వరుసగా పేర్చిందని రెండో ఏడే నాకర్థమైంది. "ఏం మర్చిపోతున్నమమ్మా మనం?" అని ఆయన అడిగినప్పుడల్లా, "అదే పద్ధతి సార్" అన్నాను. ఎంత సిగ్గుమాలిన మాట!

సెన్సరును వెలుగు సోకని నల్లపెట్టెలో మూసినా మీటరులో ఇంత కరెంటు కనబడుతుంది. దాన్ని తగ్గించడమే ఇప్పుడు నా ఉద్యోగం. ఆ అంకె కదిలినప్పుడల్లా వెనకనుంచి ఆయన అదే ప్రశ్న అడిగినట్టుంటుంది. తిరిగి చూస్తాను. ఎవరూ ఉండరు.

సమాధి దగ్గర ప్రార్థన ముగిశాక సారు భార్యకు, మా అమ్మగారికి, అంతా చెప్పేశాను. ఆమె ఏడవలేదు.

"దవాఖానాల గూడ గదే అడిగిండు బిడ్డా మీ సారు. నా బుర్రలనే ఏదో తప్పున్నది అన్నడు."

"నన్ను క్షమించండమ్మా."

"నేనెట్ల చేస్త? నాలుగేండ్లు గోస పడ్డది ఆయన."

అంతటి నిష్ఠాగరిష్ఠుడు మా ప్రాంతానికి మళ్లీ దొరకడు. ఆయనకు నివాళి అర్పించే అర్హత నాకుందో లేదో తెలియదు. గురువర్యా, మీరు గీసిన గొలుసు మొదటిసారే కుదిరింది. మీ బుర్రలో ఏ తప్పూ లేదు. ఈ మాట మీరు వింటుండగా చెప్పవలసింది.